చప్పుళ్ళు తీసేసిన నవలలు

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు నా మంచం మీదికే చేరి, ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, చదివితే నిజంగా భయం వేసే నవలలు ఏవైనా ఉంటే చెప్పమని ఎవరెవరినో అడుగుతూ కూర్చుంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళను ఏదైనా అడగడం, వాళ్ళు కూడా విసుక్కోకుండా చెప్పడం ఈ కాలపు పిల్లలకు అబ్బిన ఒక వింత మర్యాద. చూస్తుండగానే పాతిక పేర్లు వచ్చిపడ్డాయి. అది ఒక్కొక్కటీ తెరిచి, రెండేసి పుటలు చదివి, పెదవి విరిచి, చివరికి ఫోను పక్కన పడేసి, "ఒక్కదాంట్ల గూడ డర్ లేదు నానమ్మా, సబ్ బక్వాస్" అని తేల్చేసింది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకే మనసు చివుక్కుమంది. భాష వేరు గాని, అచ్చం ఆ మాటే మా అన్న అనేవాడు.

మీలో నా ఈడు వాళ్ళకు ఆ దయ్యాల నవలలు గుర్తుండే ఉంటాయి. అట్ట మీద పుర్రె, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, లోపల సగం పుటలకు ఎవరో తిన్న మిరపకాయ బజ్జీల నూనె మరకలు, చివరి పుట ఉంటే మన అదృష్టం, లేకపోతే లేదు. మా అన్న సిరిసిల్ల నుంచి సూరత్‌కు సాంచాల పనికి వచ్చిన కొత్తలో, ఊరికి పోయి వచ్చినప్పుడల్లా అద్దె పుస్తకాల దుకాణంలో పాతవి కొనుక్కుని సంచి నిండా మోసుకొచ్చేవాడు. సాంచా అంటే తెలుసుగా, కరెంటు మగ్గం. నేను పెళ్ళయి ఇక్కడికి వచ్చేసరికే అన్నా వదినా సూరత్ శివార్లలోని ఉన్‌లో ఒక గది తీసుకుని ఉన్నారు. సెలవునాడు మధ్యాహ్నం నేనూ వదినా బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే అన్న గట్టిగా చదివి వినిపించేవాడు. అందరికంటే ఎక్కువ భయపడేది చదివే ఆయనే. గదుల వరస చివర ఉండే దొడ్డికి పట్టపగలు కూడా ఒంటరిగా పోయేవాడు కాదు, వదిన బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. ఆమె మధ్యలో కావాలనే నోరు మూసుకునేది, లోపలి నుంచి ఈయన కేకలు పెట్టేవాడు, మేమిద్దరం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్ళం.

తర్వాత ముప్పై ఏళ్ళు సాంచాల మధ్య గడిచాయి. ఆ రొద తెలియని వాళ్ళకు ఎంత చెప్పినా తెలియదు. ఎదురుగా నిలబడి అరిచినా వినబడదు కనుక సాంచాల వాళ్ళు పెదవులు చూసి మాట్లాడుకుంటారు, మిగతాది చేతులతో చెప్పుకుంటారు. అలా చూసి చూసి అన్నకు పెదవులు చదవడం వచ్చింది, చెవులు పోయాయి. పోయాయని ఆయన ఒప్పుకోలేదు, మేమూ ముఖాన అనలేదు. విచిత్రమేమిటంటే చెవులతో పాటే ఆ భయమూ పోయింది. ఏ నవల ఇచ్చినా చదివేసి, ఎనుకటి లెక్క రాసేటోళ్ళు లేరని, ఇప్పటోళ్ళకు భయమంటే ఏందో తెల్వదని పెదవి విరిచేవాడు. అవి పాతికేళ్ళ కిందటి నవలలే, ఒకప్పుడు ఆయన్ను వణికించినవే. మాకెవరికీ ఆ సంగతి తట్టలేదు.

కరోనా వచ్చిన ఆ మొదటి ఎండాకాలం. వదిన తన కూతురి కాన్పు కోసం మూడు వారాల ముందే ఊరికి పోయింది. అంతలోనే అన్నీ మూసేశారు. అన్న ఒక్కడే ఉన్‌లో ఏం వండుకుంటాడని మా కొడుకు బండి మీద పోయి, సూరత్‌కు ఇంకో చివర కోసాడ్‌లోని మా క్వార్టరుకు తీసుకొచ్చాడు. ఆయనకు అరవై రెండేళ్ళు, షుగరు, దానికి తోడు కాళ్ళ తిమ్మిర్లు. సాంచాలు ఆగిపోయాక నిద్ర పట్టడం లేదనేవాడు. చెవులు వినబడని మనిషికి రొద లేకపోతే నిద్రెందుకు పట్టదని నేను అనుకునేదాన్ని. కొన్ని రోజులకు తెలిసింది, ఆయన ఆ రొదను అరికాళ్ళతో వినేవాడని.

ఇంకొక కష్టం మాస్కులు. నా చిన్నప్పటి నుంచి అన్నంత మాటకారిని నేను చూడలేదు, అట్లాంటివాడికి ఒక్కసారిగా లోకమంతా మూగదైపోయింది. పాలవాడు, పోలీసు, పక్కింటి ఒడియా అతను, ఎవరి నోరూ కనబడదు, ఎవరేమంటున్నారో తెలియదు. ఇంట్లో మేం మాస్కులు తీసి మాట్లాడేవాళ్ళం గాని, గడప అవతల ఆయన ఒంటరివాడు. నాలుగో రోజునే మొదలుపెట్టాడు, నడిచైనా ఊరికి పోతానని. వదిన దగ్గరికి. వెయ్యి కిలోమీటర్లు, మండే ఎండ, ఆ కాళ్ళతో. దారిలో ఎవరు పిలిచినా వినబడదు, వెనక నుంచి లారీ వచ్చినా వినబడదు. పోతే తిరిగి రాడని నాకు తెలుసు. మా కొడుకు బతిమాలాడు, కోడలు ఏడ్చింది, ఆయన వినలేదు. మొండితనంలో మేమిద్దరం ఒక్క తల్లి పిల్లలమే కనుక, నేను ఏడవకుండా పందెం వేశాను. నిజంగా భయపెట్టే పుస్తకం తెచ్చిస్తాను, అలాంటిది దొరికేదాకా గడప దాటొద్దని. అన్న నవ్వాడు.

"గట్లాంటిది దొరికితే నేను నీ గులాంను చెల్లె."

ఆ మర్నాటి నుంచి నా పని అదే. పాలకోసం బయటికి వదిలే ఆ గంటలో, ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు, తెలుగు మాట వినబడిన ప్రతి తలుపు ముందూ దూరంగా నిలబడి, దయ్యాల నవలలు ఉన్నాయా అని అడిగాను. జనం మందుల కోసం, బియ్యం కోసం తిరుగుతుంటే నేను దయ్యాల కోసం తిరుగుతున్నానని నవ్విన వాళ్ళున్నారు. నవ్వితే నవ్వారు, అటకల మీది పెట్టెలు దింపి ఇచ్చారు కూడా. పక్కనే అమ్రోలిలో తెలుగు బడి పంతులమ్మ ఒకావిడ తన బీరువా అడుగు నుంచి ఎనిమిది పుస్తకాలు తీసి మెట్ల మీద పెట్టి, నేను తీసుకునేదాకా తలుపు సందులోంచి చూసింది. పాల సంచీ అడుగున పుస్తకాలు, పైన పాల ప్యాకెట్లు. మలుపులో పోలీసు లాఠీతో సంచీ తట్టి చూస్తే పాల ప్యాకెట్లు పైకెత్తి చూపించాను. ఆ వారం మా ఇంట్లో నవలల వల్ల భయపడింది నేనొక్కదాన్నే.

అన్న రోజుకొకటి చదివి పడేసేవాడు. ఆయనకొక అలవాటు, ఆవులింత వచ్చిన చోట పుట మూల మడుస్తాడు. పది పుస్తకాలయ్యాక ఒక మధ్యాహ్నం నాకు ఒళ్ళు మండి, అసలెక్కడ ఆవులిస్తున్నాడో చూద్దామని ఆ మడతలన్నీ విప్పుకుంటూ కూర్చున్నాను. మొదటి మడతలో గజ్జెల చప్పుడు. రెండో దాంట్లో కీచుమన్న తలుపు. తర్వాతది కుక్క ఏడుపు, ఆ తర్వాత బావిలోంచి మూలుగు. ఏ పుస్తకం తీసినా, రచయిత మనల్ని బెదరగొట్టడానికి ఒక చప్పుడు చేసిన చోటే మా అన్న ఆవులించాడు. ఆ పుస్తకాల్లో దయ్యాలన్నీ చెవి దగ్గరికే వస్తాయి, అన్నకు ఆ తలుపే మూసుకుపోయింది. ఇన్నేళ్ళు ఆ రచయితలను తిట్టుకున్నాం, పాపం వాళ్ళ తప్పేముంది. అంతసేపూ మండిపడ్డ నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది, ముప్పై ఏళ్ళుగా పక్కనే ఉండి ఆయన చెవుడు ఎంత లోతో నేను కొలవలేదని.

ఏడ్చి కూర్చుంటే పని కాదు. నేను చీరలకు రాళ్ళు అతికించే పని చేసేదాన్ని. దుకాణం వాళ్ళు చీరలు ఇంటికి పంపిస్తారు, పువ్వు పువ్వుకూ గమ్ము చుక్క పెట్టి, చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, రాయి పట్టుకుని అతికించాలి. చీరలు రావడం ఆగిపోయినా గమ్ము డబ్బాలు రెండు మిగిలాయి. మనవరాలి రూళ్ళ నోటుబుక్కులోంచి కాయితం తీసి, సన్నటి చీలికలు కత్తిరించి, చప్పుడు ఉన్న ప్రతి వాక్యం మీదా నేను రాసిన వాక్యం అతికించాను. గజ్జెల చప్పుడు తీసేసి, అతను నిలబడ్డ చోట అరికాళ్ళ కింద నేల అదిరింది, ఇంట్లో ఇంకెవరూ లేరు అని రాశాను. కుక్క ఏడుపు చోట కాలిన దారం వాసన పెట్టాను, నిప్పంటుకుంటే ముందు వచ్చేది అదే, సాంచాల షెడ్డులో పనిచేసిన వాడికి ఆ వాసన చాలు. తలుపు కీచుమన్న చోట, వెనక నుంచి ఎవరో భుజం తట్టారు, తిరిగి చూస్తే గోడ. ఏడో తరగతి దాకా చదివిన నా చేతిరాత ముందు ఆ పెద్ద పెద్ద రచయితల అచ్చు అక్షరాలు ఊరుకున్నాయి.

నా చేతిరాత ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది, మొదటి చీలిక దగ్గరే తలెత్తి నా వైపు చూశాడు. నేను కూరగాయలు తరుగుతున్నట్టు నటించాను. మళ్ళీ పుస్తకంలోకి తల వంచాడు. కాసేపటికి చూస్తే, కింద నేల మీద ఆనించి ఉన్న రెండు కాళ్ళూ మంచం మీదికి తీసుకున్నాడు. సాయంత్రం నీళ్ళగదికి పోతూ మా కోడల్ని తలుపు బయట నిలబడమన్నాడు. ఆ రోజు నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు. ఆ తర్వాత నెల రోజులు ఆయన అచ్చు అక్షరాలను దాటేసి, నా చీలిక నుంచి నా చీలికకే దూకుతూ చదివేవాడు, ఊరి మాట ఎత్తలేదు.

ఎత్తే రోజు రానే వచ్చింది. ఉన్ నుంచి ఆయనతో పనిచేసిన వాళ్ళు వీడియో కాల్ చేసి, పదిమందిమి పొద్దున్నే నడక మొదలుపెడుతున్నాం, వస్తే రా అన్నారు. వాళ్ళు మాస్కులు దించుకుని మరీ చెప్పారు, అన్నకు ప్రతి మాటా అర్థమైంది. సంచి కట్టుకున్నాడు. పందెం ఏమైందని నేను అడిగితే, ఆడోళ్ళ ముచ్చట్లు చాలని విసుక్కున్నాడు. ఒక్క పూట ఆగు, చివరి పుస్తకం చదివి పో అని బతిమాలాను. ఆ మధ్యాహ్నం చీలికలు కాదు, ఒక నవల ఆఖరి పుట మొత్తాన్ని మూసేస్తూ నిండు కాయితం అతికించాను.

అందులో దయ్యం లేదు. ఒక మగ్గం పనివాడు ఎండలో నెల రోజులు నడిచి తన ఊరు చేరతాడు. ఇంటి ముందు నిలబడతాడు. భార్య తలుపు తీస్తుంది, ఆమె చేతిలో నెల బిడ్డ. ఆమె అతన్ని చూసి ఒక్క అడుగు వెనక్కి వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. కొంగు వెనక ఆమె పెదవులు కదులుతున్నాయి, రమ్మంటున్నదో పొమ్మంటున్నదో అతనికి తెలియడం లేదు. అంతే రాసి ఆపేశాను.

అన్న దాన్ని రెండుసార్లు చదివాడు. పుస్తకం బోర్లించాడు. మంచినీళ్ళు అడిగి తాగి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున వాళ్ళు ఫోను చేస్తే తియ్యలేదు.

"నేనిగ ఊరికి పోను," అన్నాడు నాతో, నా ముఖం చూడకుండా.

దాచుకోవడమెందుకు, నేను గెలిచాననుకున్నాను. ఆ పూట కడుపు నిండా తిన్నాను. నిజంగా భయపెట్టే నవల లోకంలో ఎక్కడా దొరక్కపోతే నేనే తయారుచేశాననీ, మా అన్న ప్రాణం నిలబెట్టాననీ మురిసిపోయాను.

మేనకోడలి కాన్పు అయింది, మగపిల్లవాడు. కొన్నాళ్ళకు రైళ్ళు నడిచాయి. ఇక పో అన్నా, టిక్కెట్టు తీస్తాను అంటే అన్న తల అడ్డంగా ఊపాడు. ఉన్ పక్కనున్న సచిన్ పారిశ్రామికవాడలో సాంచాలు మళ్ళీ మొదలైతే ఉన్ గదికి తిరిగి పోయి పనిలో చేరాడు. పసివాణ్ణి చూసుకోవడానికి ఇంకెవరూ లేకపోవడంతో వదిన ఊళ్ళోనే ఆగిపోయింది. రోజూ వీడియోలో మనవణ్ణి ఎత్తి చూపించి రమ్మని పిలిచేది, ఆయన చూద్దాం అనేవాడు. ఆమె నొచ్చుకుని నన్ను అడిగితే, పని ఎక్కువగా ఉందని నేను అబద్ధమాడాను. ఒకనాడు ఆయన్ని నిలదీశాను, ఆమె అంత నోరారా పిలుస్తుంటే ఎందుకు పోవని. అన్న అప్పుడు చెప్పాడు.

"ఫోన్ల రమ్మంటది చెల్లె. ఇంటి ముంగట నిలబడ్డంక ఏమంటదో."

నా కాళ్ళ కింద నేల నిజంగానే కదిలింది. ఆ రాత నాది. అప్పటికప్పుడు ఆ పుస్తకం వెతికి తీసి, నేను అతికించిన కాయితం మీద ఇంకో కాయితం అతికించాను. తలుపు తెరుచుకుంది, ఆమె కొంగు తీసేసింది, నవ్వింది, పిల్లవాణ్ణి అతని చేతికిచ్చింది అని రాశాను. ఆయన చదివి, చిన్నపిల్లల కథకు నవ్వినట్టు నవ్వి, పుస్తకం నా చేతికే ఇచ్చేశాడు. భయం అంటుకున్నట్టు ధైర్యం అంటుకోదని నాకు ఆ రోజు తెలిసింది. నేను ఊరుకోలేదు, పండక్కి పోదామన్నాను, మనవడి అన్నప్రాశనకు పోదామన్నాను, కోపం తెచ్చుకుని నెలరోజులు మాట్లాడటం మానేశాను. ఏదీ పనిచెయ్యలేదు. అట్లా ఏడాది గడిచింది.

రెండోసారి వచ్చిన కరోనా అక్కడ వదినను పట్టుకుంది. ఆ రోజు అన్న మా ఇంట్లోనే ఉన్నాడు. మేనకోడలు ఆసుపత్రి నుంచి వీడియో చేసింది. వదిన ముఖానికి ఆక్సిజన్ మాస్కు. అన్నను చూడగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి, ఆ మాస్కు లోపల పెదవులు కదిలాయి. ఊపిరి ఆవిరికి మాస్కు మసకబారి ఏమీ కనబడలేదు. పక్కన ఏదో యంత్రం రొద. అన్న ఫోను వదలకుండా నా వైపు తిరిగాడు.

"ఏమన్నది?"

నేను చెవులున్న దాన్ని. నాకూ ఏమీ వినబడలేదు. మేనకోడలికీ వినబడలేదని తర్వాత తెలిసింది. రమ్మన్నదో, ఈ రోగంలోకి రావొద్దన్నదో, మంచినీళ్ళే అడిగిందో ఆ దేవుడికి తెలియాలి. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"రమ్మంటున్నది," అన్నాను.

గంటలో కారు మాట్లాడాడు మా కొడుకు. మరునాటికి చేరాం. వదిన ఇంకా ఉంది, రెండు రోజులు ఉంది. డాక్టరు కాళ్ళా వేళ్ళా పడితే, నిలువెల్లా కప్పేసే ఆ తెల్ల బట్టలు తొడిగి అన్నను రెండుసార్లు లోపలికి వదిలారు. ఇద్దరి నోళ్ళూ మూసే ఉన్నాయి. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడని, ఆమె వేలితో ఆయన అరచేతి మీద ఏదో గీస్తూ ఉండిందని నర్సమ్మ చెప్పింది. నేను పెట్టిన భయం ఆయన దగ్గర ఏడాది తీసుకుంది, నా అబద్ధం రెండు రోజులు ఇచ్చింది. ఎట్లా చూసినా ఇది సరిసమానం కాదు.

అన్న ఇప్పుడు సూరత్‌లో లేడు. సాంచాల పని వదిలేసి బిడ్డ దగ్గర ఊళ్ళోనే ఉంటున్నాడు. షుగరు కళ్ళకు పాకింది, మనుషుల ముఖాలు ఆనుతాయి గాని అచ్చు అక్షరాలు అలికినట్టు కనబడతాయట, చదవడం మానేశాడు. అందుకే ఈ సంగతి మీ ముందు పెట్టగలిగాను. ఇవాళ పుస్తకాలకు కరువు లేదు, వేలు కదిపితే వెయ్యి వస్తాయి. కాని ఫలానా మనిషి ఎక్కడ ఆవులిస్తాడో, ఎక్కడ కాళ్ళు మంచం మీదికి తీసుకుంటాడో చూసేంత దగ్గరగా ఎవరూ ఎవరి పక్కనా కూర్చోవడం లేదు. మా రోజుల్లో ఒక్క పుస్తకానికి ముగ్గురం ఉండేవాళ్ళం. అంత దగ్గరగా ఉన్నవాళ్ళకే మనిషిని నిజంగా భయపెట్టడం చేతనవుతుంది, అందుకే వాళ్ళు ఆ పని చెయ్యకూడదని ఆలస్యంగా తెలుసుకున్నాను.

పోయినేడు ఊరికి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం అన్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు, నిజంగ రమ్మన్నదా చెల్లె అని. ఆ చూపు నా పెదవుల మీదే ఉంది. మాస్కులు ఎప్పుడో పోయాయి, నాకు ఏ చాటూ లేదు. రమ్మన్నది అని ఒక్కొక్క అక్షరం విడివిడిగా, ఆయనకు బాగా కనబడేటట్టు చెప్పాను. ఇంకోసారి అడిగినా అదే చెప్తాను.